తీగ, గొట్టం, వేడి – కదిలే పవర్ హౌస్‌ల చరిత్ర

మన సంఘం సంచికల్లో యుద్ధాల గురించి, పతకాలు పొందిన వీరుల గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అయితే ఆ యుద్ధాల్లో రాత్రిపూట దీపం వెలిగించినవాడి గురించి, ఆసుపత్రి టెంటులో నీళ్ళు గడ్డకట్టకుండా చూసినవాడి గురించి, బుఖారీ పొగగొట్టం దులిపినవాడి గురించి రాసినవారు తక్కువ. ఇంటర్మీడియట్ పాసై ఇ.ఎం.ఇ.లో క్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, సుబేదారుగా రిటైరైన నాకు ఆ పనే తెలుసు. కనుక దాని చరిత్రే రాస్తున్నాను. నేను పండితుణ్ణి కాను, పనివాడి మాటల్లోనే చెబుతాను.

ముందుగా కదిలే పవర్ హౌస్ అంటే ఏమిటో చెప్పాలి. బయటివాళ్ళు జనరేటర్ అనగానే ఇంజను, దానికి బిగించిన ఆల్టర్నేటర్, నాలుగు చక్రాల ట్రాలీ అనుకుంటారు. అది సగమే. ఒక క్యాంపునో, ఆసుపత్రినో నిలబెట్టాలంటే ఆ ట్రాలీ వెంట కేబుళ్ళు, డిస్ట్రిబ్యూషన్ బోర్డులు, నీళ్ళ పంపులు, గొట్టాలు, వేడినీళ్ళ బాయిలరు, హీటర్లు అన్నీ కదలాలి. తీగ, గొట్టం, వేడి అని నేను మూడు ముక్కల్లో చెబుతుంటాను. ఈ మూడూ విడివిడి పనులని పుస్తకాల్లో ఉంటుంది. పనిలో మాత్రం ఒకటి ఆగితే మిగతా రెండూ ఆగుతాయి. కరెంటు పోతే పంపు ఆగుతుంది. పంపు ఆగితే గొట్టంలో నీరు నిలిచి గడ్డకడుతుంది. నీరు మంచుగా మారితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఎంత గట్టి గొట్టమైనా పగులుతుంది. గొట్టం పగిలితే బాయిలరు చల్లబడుతుంది. ఈ సంగతి సైన్యాలు ఎలా నేర్చుకున్నాయో అదే ఈ వ్యాసం.

ఫ్యాను మీద పేరు

మన ఇళ్ళల్లో ఫ్యాన్ల మీద క్రాంప్టన్ అనే పేరు చూస్తూనే ఉంటాం. ఆ పేరు గల మనిషి మొదట సైనికుడే. ఆర్.ఇ.బి. క్రాంప్టన్ 1845లో ఇంగ్లాండులో పుట్టాడు. రైఫిల్ బ్రిగేడ్ ఆఫీసరుగా 1860లలో మన దేశం వచ్చాడు. ఎడ్లబండ్ల మీద సామాను చేరవేత ఆలస్యమవుతోందని, రోడ్డు మీద నడిచే ఆవిరి బండ్లు పెట్టాలని పట్టుబట్టాడు. 1870ల మొదట్లో ఉత్తర భారతదేశంలో ‘గవర్నమెంట్ స్టీమ్ ట్రెయిన్’ పేరుతో ఆ బండ్లు నడిపించాడు. ఆవిరి బండికి నిప్పు ఎంత అవసరమో నీరూ అంతే అవసరం. దారిలో నీరు ఎక్కడ దొరుకుతుంది, బాయిలరు గొట్టం ఎక్కడ కారుతోంది అని చూసుకుంటూ నడపాల్సిన బండ్లు అవి.

ఇంగ్లాండు తిరిగి వెళ్ళాక ఆయన 1878లో డైనమోలు, దీపాలు తయారుచేసే కంపెనీ పెట్టాడు. 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతుండగా, ఎలక్ట్రికల్ ఇంజనీర్ల వాలంటీరు దళాన్ని తీసుకుని అక్కడికి వెళ్ళాడు. వెంట సెర్చ్ లైట్లు, వాటికి కరెంటిచ్చే డైనమోలు, వాటిని లాగే ఆవిరి ఇంజన్లు. సామాను లాగే ఇంజనే అవసరమైతే డైనమోనూ తిప్పేది. సైన్యం వెంట కరెంటు నడవడం అనే ఆలోచనకు మొదటి రూపాల్లో ఇదొకటి. ఆ మనిషి ఆవిరి బండి విద్యలో చేయి తిరిగింది మన రోడ్ల మీదనే అని మనం గుర్తుపెట్టుకోవచ్చు.

ఊరికి కరెంటిచ్చిన యుద్ధనౌక

నేవీ సోదరులు కోప్పడకుండా వారి కథ కూడా ఒకటి చెబుతాను. 1929లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే ఊరికి కరవు వచ్చింది. ఆ ఊరి కరెంటు జలవిద్యుత్తు. వాన లేక జలాశయాలు అడుగంటాయి. అప్పుడు అమెరికా నేవీ యు.ఎస్.ఎస్. లెక్సింగ్టన్ అనే విమాన వాహక నౌకను ఆ రేవులో కట్టింది. ఆ నౌకలో ఆవిరి టర్బైన్లు జనరేటర్లను తిప్పుతాయి, ఆ కరెంటుతో మోటార్లు తిరిగి నౌక నడుస్తుంది. నౌకను కదపకుండా ఆ కరెంటునే ఒడ్డుకు తీగ వేసి ఊరికిచ్చారు. 1929 డిసెంబర్ 17 నుంచి 1930 జనవరి 16 వరకు, అంటే సుమారు నెల రోజుల్లో 42 లక్షలకు పైగా యూనిట్లు ఇచ్చారు.

తర్వాతి కాలంలో అమెరికా నేవీ ఈ పనికి ప్రత్యేక విభాగమే పెట్టింది. పేరు మొబైల్ యుటిలిటీస్ సపోర్ట్ ఎక్విప్‌మెంట్. కాలిఫోర్నియాలోని పోర్ట్ హ్యూనీమీ దాని స్థావరం. పెద్ద జనరేటర్లు, సబ్‌స్టేషన్లు, ఆవిరి బాయిలర్లు ట్రెయిలర్ల మీద పెట్టి, ఎక్కడ అవసరమైతే అక్కడికి పంపుతారు. వాటితో పనిచేసే టెక్నీషియన్లకు కరెంటు, గొట్టాల పని, వేడి పని మూడూ కలిపి నేర్పుతారు. మన దగ్గర ఎలక్ట్రీషియన్‌ను, ప్లంబర్‌ను వేరువేరు ట్రేడులుగా చూడడం అలవాటు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇ.ఎం.ఇ. పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి సైన్యంలో ప్రతిదానికీ కరెంటు కావాల్సి వచ్చింది. వైర్‌లెస్, రాడార్, సెర్చ్ లైట్, వర్క్‌షాపు, ఆసుపత్రి. అప్పటిదాకా మరమ్మతులు ఎక్కువగా ఆర్డినెన్స్ వారి చేతిలో ఉండేవి. సామాను నిల్వ చేసేవారు వేరు, బాగుచేసేవారు వేరు ఉండాలని యుద్ధమే నేర్పింది. బ్రిటిష్ సైన్యం 1942లో తన ఇ.ఎం.ఇ.ని పెట్టుకుంది. మన దేశంలో 1943లో ఏర్పడింది. నేటికీ అక్టోబర్ 15న కోర్ డే జరుపుకుంటాం. ‘కర్మ్ హీ ధర్మ్’ మా నినాదం.

ఈ కోర్‌కూ తెలుగు నేలకూ ఉన్న బంధం మీకు తెలుసు. సికింద్రాబాదులో ఇ.ఎం.ఇ. సెంటర్, త్రిముల్గిరిలో మిలిటరీ కాలేజీ. దేశం నలుమూలల కుర్రాళ్ళు అక్కడికొచ్చి పానా పట్టడం నేర్చుకుని వెళ్ళారు. మన తెలుగు కుర్రాళ్ళకు ఇంటి పక్కనే అంత పెద్ద బడి ఉండడం అదృష్టం. అలాగే పవర్ సెట్లు, నీళ్ళ పంపులు వేసి క్యాంపును నిలబెట్టే పనిలో ఇంజనీర్స్ పాత్రను మరువరాదు. మద్రాస్ సాపర్స్‌లో ఎందరు తెలుగువారున్నారో ఈ సంచిక చదివేవారికి నేను చెప్పనక్కర్లేదు.

కొరియా – బకెట్లతో నింపిన బాయిలరు

మన సైన్య చరిత్రలో ఈ విషయానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ కొరియాలో ఉంది. 1950 నవంబరులో మన 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియా చేరింది. కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్. డాక్టర్లు, నర్సింగ్ సిబ్బంది, ఆపరేషన్ సామగ్రి అన్నీ వెంట ఉన్నాయి. డిసెంబర్ మొదట్లో చైనా సేనలు ముంచుకొస్తుంటే ప్యాంగ్యాంగ్ నుంచి అందరూ వెనక్కు తగ్గాల్సి వచ్చింది. బండ్లు లేవు, సామాను వదిలేసి రమ్మన్నారు. ఆపరేషన్ సామగ్రి వదిలేస్తే అది ఆసుపత్రి ఎలా అవుతుంది?

మనవాళ్ళు స్టేషనులో ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు వెతికి పట్టుకున్నారు. యూనిట్‌లో ఇంజను నడపడం తెలిసినవాళ్ళు ఉన్నారు. బాయిలరు ఖాళీ. నీళ్ళ గొట్టం లేదు. జవాన్లు వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి నీళ్ళు అందిస్తూ బాయిలరు నింపారు. నిప్పు రాజేశారు. సామాను మొత్తం ఎక్కించి, వంతెన పేల్చేసేలోపు నది దాటించారు. తర్వాత ఆ ఆసుపత్రి కొరియాలో మూడేళ్ళకు పైగా పనిచేసింది. రంగరాజ్ గారికి మహావీర్ చక్ర లభించింది.

ఈ కథను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నిజమే. కాని నాలాంటి పనివాడికి అందులో ఇంకో సంగతి కనబడుతుంది. ఆ రోజు యూనిట్‌ను కాపాడింది తుపాకి కాదు. బాయిలరులో ఎంత నీరుంటే నిప్పు పెట్టవచ్చు, ఆవిరి ఎప్పుడు చాలినంత అవుతుంది అని తెలిసిన కొద్దిమంది. ఆ పని వారి డ్యూటీ చార్టులో ఉండి ఉండదు. అయినా తెలుసు కాబట్టి ఆసుపత్రి మిగిలింది.

లడఖ్‌లో నేర్చిన పాఠాలు

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. సియాచిన్ పైన మన జవాను నిలబడ్డాడు. అక్కడ చలికాలంలో మైనస్ 50 డిగ్రీలు కూడా పడుతుంది. అప్పటినుంచి జనరేటరు, బుఖారీ, నీళ్ళు అనేవి సౌకర్యాలు కావు, ప్రాణాలు అయ్యాయి.

పల్లంలో నేర్చుకున్న విద్య అక్కడ సగమే పనికొస్తుంది. గాలి పలచన కాబట్టి టర్బో లేని ఇంజను బలం ప్రతి వంద మీటర్లకు దాదాపు ఒక శాతం తగ్గుతుంది. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అంటే పది కిలోవాట్ల సెట్టు అక్కడ ఏడు కిలోవాట్లకే ఆయాసపడుతుంది. ఆ ఎత్తులో నీరు 90 డిగ్రీల లోపే మరుగుతుంది కనుక రేడియేటర్ మూత బిగువుగా లేకపోతే ఇంజను తొందరగా పొంగుతుంది. బయట గడ్డకట్టే చలి, లోపల పొంగే ఇంజను! కొత్తగా వచ్చినవాళ్ళు ఇది నమ్మరు.

బ్యాటరీ సంగతి మరీ ముఖ్యం. పూర్తిగా చార్జైన బ్యాటరీ ఆసిడ్ మైనస్ 60 దాటినా గడ్డకట్టదు. చార్జి దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగులుతుంది. అందుకే హైడ్రోమీటర్ పెట్టి చూడడం కాగితం నింపడానికి కాదు. కూలెంటులో గ్లైకాల్, నీరు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 దాకా కాపు. ఎవరైనా పైన ఒట్టి నీళ్ళు పోశారంటే అంతే సంగతులు. ఇక డీజిల్‌లో ఉండే మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. దీనికోసం ఏళ్ళ తరబడి కిరసనాయిలు కలపడం, ట్యాంకు చుట్టూ దుప్పట్లు కట్టడం చేశాం. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వారు పానిపట్ రిఫైనరీలో తయారైన చలికాలపు డీజిల్‌ను లడఖ్‌కు ఇచ్చారు. అది మైనస్ 33 వరకు పారుతుంది. అప్పటికి నేను రిటైరై ఇంటికి వచ్చేశాను. వార్త పేపర్లో చదివి, ఇప్పటి కుర్రాళ్ళ చేతులకు కొంచెం విశ్రాంతి దొరుకుతుందని సంతోషపడ్డాను.

ఒక అనుభవం చెబుతాను. లడఖ్ వైపు ఒక పోస్టులో మెడికల్ టెంటుకు కరెంటిచ్చే సెట్టు ప్రతి ఇరవై నిమిషాలకు ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతోంది. ఫీడ్ పంపు పోయిందని ఒకరు, ఇంజెక్టరని ఒకరు. పంపు విప్పడానికి పానాలు కూడా తెచ్చారు. మా ఉస్తాద్ గుంటూరు జిల్లా మనిషి, హవల్దారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, “ఒరే తమ్ముడూ, ముందు ట్యాంకు మూత తియ్యి” అన్నాడు. తీశాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ట్యాంకు గాలి పీల్చుకునే చిన్న రంధ్రం మంచుతో మూసుకుపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ లోపల గాలి లేక, పంపు ఎంత లాగినా నూనె రావడం లేదు. ఆగాక కొంతసేపటికి సందుల్లోంచి గాలి చేరి మళ్ళీ నడుస్తోంది. ఆ రంధ్రాన్ని పిన్నీసుతో శుభ్రం చేసి, దానిపై చిన్న రేకు టోపీ పెట్టాం. ఆ చలికాలం సెట్టు మళ్ళీ ఆగలేదు. “ఇంజను కంటే ముందు దాని ముక్కు చూడాలిరా” అనేవాడు ఉస్తాద్.

ముక్కు మాట వచ్చింది కాబట్టి బుఖారీ గురించి గట్టిగా చెప్పాలి. పొగగొట్టం మసితోనో మంచుతోనో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలే ఉండిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర, ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. శత్రువు తూటా తగలకుండా ఇలా పోయిన జవాన్లు ఉన్నారు. జనరేటర్ పొగ కూడా అదే విషం. టెంటుకు గాలి వచ్చే వైపు సెట్టు పెట్టకూడదని చెప్పేది అందుకే. ఈ చదువు ఇంట్లో గ్యాస్ గీజర్ వాడే రిటైర్డు సోదరులకూ వర్తిస్తుంది.

విపత్తుల్లో

యుద్ధం లేని రోజుల్లో ఈ విద్య ఎక్కువగా పనికొచ్చింది విపత్తుల్లోనే. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో భుజ్ సివిల్ ఆసుపత్రే కూలిపోయింది. ఆరుబయట, టెంట్లలో ఆపరేషన్లు జరిగాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్నం మీద పడింది. మన విశాఖ చీకటైంది. కరెంటు లేక పంపులు ఆగాయి, సముద్రం పక్కనే ఉండి తాగునీటికి జనం అల్లాడారు. తీగకూ గొట్టానికీ ఉన్న బంధం ఆ వారంలో ప్రతి గృహిణికీ అర్థమైంది.

అలాంటి సమయంలో ఒక జాగ్రత్త. ఇంటి జనరేటరును చేంజోవర్ స్విచ్ లేకుండా నేరుగా మెయిన్‌కు కలిపితే, ఆ కరెంటు వెనక్కు పోయి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులుగా మారుతుంది. లైను చచ్చిపోయిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. అలాగే న్యూట్రల్ వదులైతే 230 వోల్టుల సామాను మీద 400 దాకా పడవచ్చు. ఆసుపత్రిలో అయితే ఎన్ని యంత్రాలు పోతాయో ఆలోచించండి. ఒక చిన్న లగ్గు బిగించకపోతే వచ్చే నష్టమిది.

2023 ఫిబ్రవరి 6న టర్కీలో భూకంపం వచ్చింది. ఆపరేషన్ దోస్త్ కింద మన సైన్యం ఇస్కెండరున్‌లో ఫీల్డ్ హాస్పిటల్ పెట్టింది. వెళ్ళింది 99 మంది, ఆగ్రాలోని 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ నుంచి. అవును, కొరియాలో బకెట్లతో బాయిలరు నింపిన ఆ యూనిటే. ఈసారి వెంట ఎక్స్‌రే, వెంటిలేటర్లు, ఆక్సిజన్ తయారుచేసే ప్లాంటు ఉన్నాయి. నడి చలికాలం. రోగులు వేలల్లో. కత్తులు శుభ్రం చేసే ఆటోక్లేవ్‌కు 121 డిగ్రీల వేడి ఆవిరి కావాలి. అంటే నీరు, కరెంటు, వేడి మూడూ ఒకేసారి నిలకడగా ఉండాలి. డాక్టరు గారి చేతి నైపుణ్యం ఎంత గొప్పదైనా ఆ మూడింటిమీదే ఆధారపడి ఉంది.

మా భిలాయ్ మాట

నేను ఉంటున్న నెహ్రూ నగర్ ఉక్కు పట్టణంలో భాగం. ఇక్కడ కొలిమి ఆరకూడదన్నది అందరి ఇళ్ళల్లో తెలిసిన మాట. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఎందరో తెలుగువాళ్ళు ఈ కర్మాగారం నీడలో పిల్లల్ని పెంచుకున్నారు.

ఇదే పట్టణంలో 2014 జూన్ 12న ప్లాంటులోని ఒక పంప్ హౌస్‌లో లోపం వచ్చి నీటి ఒత్తిడి పడిపోయింది. ఫర్నేస్ గ్యాసును శుభ్రం చేసే చోట దాన్ని ఆపి ఉంచేది ఆ నీరే. గ్యాస్ వెనక్కు వచ్చింది. ఆరుగురు ప్రాణాలు పోయాయి. వారిలో ఇద్దరు సీనియర్ అధికారులు. ఆ గ్యాసులోనూ ఉన్నది మన బుఖారీలో ఉండే కార్బన్ మోనాక్సైడే. మంచు కొండ మీద పోస్టయినా, ఉక్కు కర్మాగారమైనా, నీటి గొట్టాన్ని చిన్న పనిగా చూడడానికి వీల్లేదని ఆ రోజు ఊరంతటికీ తెలిసింది.

చివరిగా ఒక విన్నపం

క్రాంప్టన్ పేరు ఫ్యాను మీద మిగిలింది. రంగరాజ్ గారి పేరు చరిత్రలో నిలిచింది. బాయిలరుకు నీళ్ళందించిన జవాన్ల పేర్లు, ట్యాంకు మూత తియ్యమన్న ఉస్తాద్ పేరు ఎక్కడా రాసిలేవు. పేర్ల కోసం కాదు నా బాధ. వారితో పాటు వారి పని తెలివి కూడా పోతోంది. మాన్యువల్‌లో ఇంజను బొమ్మ ఉంటుంది గాని, ఏ పోస్టులో ఏ గాలికి ఏ రంధ్రం మూసుకుపోతుందో ఉండదు. అది లాగ్ బుక్‌లో రాసేవాళ్ళు రాస్తేనే తర్వాతివాడికి తెలుస్తుంది. లేకపోతే ప్రతి కొత్త కుర్రాడు అదే పాఠం మళ్ళీ మొదటినుంచి, ఒక్కోసారి ప్రాణం పెట్టి నేర్చుకోవాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. లాగ్ బుక్‌లో ‘సెట్ ఓకే’ అని రాసి వదలవద్దు. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎలా బాగుచేశారు అని మూడు లైన్లు రాయండి. హిందీలో రాయండి, తెలుగులో రాయండి, ఏ భాషైనా ఫర్వాలేదు. రిటైరైన అన్నలకు కూడా మనవి. మీ చేతుల్లో ఉన్న ఇలాంటి సంగతులు ఒక్కొక్కటి ఒక్కో పేజీ రాసి సంఘానికి పంపండి. జనరేటర్ మెకానిక్, ప్లంబర్, బాయిలర్ అటెండెంట్, ఎవరైనా సరే. వచ్చే ఏడాది సంచికలో యుద్ధ వ్యాసాల పక్కన అవి కూడా రావాలి. ఏ కొండ మీదో రాత్రి రెండింటికి ఆగిపోయిన సెట్టు ముందు టార్చి పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి, మీరు రాసిన ఆ పేజీ పనికొస్తుంది.

జై హింద్.

– సుబేదార్ (రిటైర్డ్), ఇ.ఎం.ఇ., నెహ్రూ నగర్, భిలాయ్